ఒంటి రోకలి పాట

అనగనగా విరజాపురమనే రాజ్యం ఉండేది. ఊఁ కొట్టేవాళ్లు కొడుతూ ఉండండి. మామూలు కథలు ఊఁ కొట్టకపోయినా నడిచిపోతాయి గానీ ఈ కథ మాత్రం నడవదు.

ఆ రాజ్యంలో ఊకదిబ్బ అని ఒక చిన్న ఊరు. అక్కడి ఆడవాళ్ల పని వడ్లు దంచడం. ఒక రోలు, రెండు రోకళ్లు, చెరో వైపున ఒక మనిషి. ఒకరి రోకలి పైకి లేచేటప్పుడు రెండోవారి రోకలి కిందికి దిగాలి. ఆ వరస తప్పితే రోకళ్లు రెండూ ఢీకొంటాయి, చేతులు జివ్వుమంటాయి, బియ్యం కాస్తా నూకలవుతాయి. అందుకే వాళ్లు పాడుకుంటూ దంచుతారు. ఒకరు పాట అంటే రెండోవారు వంత అంటారు. వాళ్లకు పాట కాలక్షేపం కాదు, చేట లాగా, రోలు లాగా అదీ ఒక పనిముట్టే.

ఆ ఊళ్లో రావులమ్మ అనే అమ్మాయి ఉండేది. అన్న భార్య పేరిందేవికి ఎదురుగా నిలబడి దంచేది. గొంతు విప్పిందంటే వీధిలో వెళ్లే ఎడ్లు కూడా ఆగేవని చెప్పుకునేవారు. ఎడ్ల సంగతి నాకు తెలియదు గానీ మనుషులు మాత్రం ఆగేవారు. కంటికి ఏది కనబడితే దాని మీద అక్కడికక్కడే పాట కట్టేది. ఒకనాడు ఊక మీద వాలిన పిచ్చుకను చూసి, "తిన్నంత తినవే పిచ్చుకా, మా వదినకు చెప్పనులే" అని పాడింది. ఎదురుగా ఉన్న వదిన నవ్వు ఆపుకుంటూ, "విన్నానే, అంతా విన్నానే" అని వంత అంది. అలా పుట్టింది పిచ్చుక పాట.

విరజాపురంలో ఏటేటా కొత్త బియ్యం పండుగ జరిగేది. ఆ రోజున పల్లె పాటగాళ్లంతా కోట ముంగిట పాడేవారు. జనమంతా ఎవరి పాటకు వంత కలిపితే వారికి వెండి కంకణం. ఆ ఏడు రావులమ్మ, పేరిందేవి కలిసి వడ్లు దంచుతూ పిచ్చుక పాట పాడారు. రెండో చరణానికే జనం వంత అందుకున్నారు. మూడో చరణానికి సోమభద్ర మహారాజు సింహాసనం మీద వేళ్లతో తాళం వేయసాగాడు. కొద్ది రోజుల్లోనే ఆ పాట రాజ్యమంతా పాకింది. పడవ నడిపేవాళ్లూ అదే పాడారు, పెళ్లిపందిట్లో పీటలు వేసేవాళ్లూ అదే పాడారు.

పాట కట్టింది గనుక రాజు రావులమ్మకు కంకణంతో పాటు ఒక గోరింకను కూడా బహుమానంగా ఇచ్చాడు. అది మాట్లాడే గోరింక. ఎవరేం పాడినా "ఆహా, ఏమి పాట" అనడం దానికి కోటలో నేర్పారు.

అయితే ఆ కంకణానికి ఒక మెలిక ఉంది. రాజుగారి తాతల నాడు కొందరు పాటగాళ్లు ఒక్క మంచి పాట పాడి, దాన్నే పట్టుకుని జీవితమంతా విందులు తిన్నారట. విసిగిపోయిన తాతగారు ఒక శాసనం చేశారు. కంకణం గెలిచినవారు మరుసటి పండుగకు కొత్త పాటతో రావాలి. జనం వంత కలిపితే కంకణం ఎప్పటికీ వారిదే. కలపకపోతే దాన్ని తిరిగి ఇచ్చేసి, మళ్లీ ఎన్నడూ నలుగురిలో పాడకూడదు. పాట మానమంటే రావులమ్మకు ఇక ఏం మిగులుతుంది చెప్పండి.

ఊకదిబ్బ జనానికి ఆమె అంటే ప్రాణం. ఆ ప్రేమతోనే కొంప ముంచారు. గెలిచిన రోకలిని మళ్లీ రోట్లో వేయడం అపచారమన్నారు. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఆమె ఇంటి మూలన నిలబెట్టి రోజూ దండం పెట్టసాగారు. కంకణం తొడిగిన చేత్తో వడ్లు దంచడమేమిటి తల్లీ, కూర్చుని పాట కట్టుకో చాలన్నారు. ఆమె పాడితే చేతులు కట్టుకుని విన్నారు తప్ప ఒక్కరూ వంత అనలేదు. అంత గొప్ప మనిషితో గొంతు కలపడం మర్యాద కాదనుకున్నారు పాపం.

రావులమ్మకు మొదట్లో హాయిగానే ఉంది. ఎవరికి మాత్రం ఉండదు? పేరిందేవి ఏమీ అనలేదు. ఒక్కతే రోలు ముందు నిలబడి ఒంటి రోకలితో దంచుకుంటూ ఉండిపోయింది.

ఇంతలో పట్నం నుంచి రత్నగుప్తుడనే వర్తకుడు బండి కట్టుకుని వచ్చాడు. ఆ ఏడాది మట్టి పిచ్చుకలు, కొయ్య పిచ్చుకలు, పిచ్చుక అంచు చీరలు అమ్మి బాగుపడినవాడతను. "జనానికి పిచ్చుక నచ్చిందమ్మా. ఈసారి చిలకను పెట్టు. వరస మాత్రం మార్చకు. నచ్చిన కూరే మళ్లీ వడ్డిస్తే వద్దనేవాడెవడు?" అన్నాడు. చిలక బొమ్మలు అప్పటికే చేయించి పెట్టుకున్నాడని వేరే చెప్పాలా?

రావులమ్మ చిలక పాట కట్టింది. గోరింక ఆహా అంది. ఆమె రోళ్ల దగ్గరికి వెళ్లి, ఆడవాళ్లను దంచుతూ వినమంది. వాళ్లు సంతోషంగా విన్నారు. కానీ సగంలోనే తమకు తెలియకుండా పెదవులతో పిచ్చుక పాట మాటలే అనుకోసాగారు. చిలక ఎటు ఎగిరిపోయిందో ఎవరికీ గుర్తు లేదు.

ఆ తరువాత ఆస్థాన గాయకుడు సునాదశర్మ వచ్చాడు. ఆయన మంచివాడు, మనసారా సాయం చేద్దామనే వచ్చాడు. ఆమె గొంతుకు ఇంత చిన్న పాట చాలదని, ఒక గంభీరమైన రాగంలో పెద్ద పాట నేర్పాడు. అది నిజంగా అందమైన పాట. గోరింక ఆహా అంది. కానీ రోలు దగ్గర పాడితే, ఆ రాగం పైకి వెళ్లి ఎంతకీ కిందికి రాలేదు. రోకళ్లు ఎత్తినవాళ్లు ఎత్తినట్టే ఉండిపోయారు. చివరికి చేతులు పీకి రెండు రోకళ్లూ ఒకేసారి పడి ఢీకొన్నాయి. పాట చాలా బాగుందని చెబుతూనే వాళ్లు మోచేతులు రుద్దుకున్నారు.

ఇక ఎవరి మాటా విననని రావులమ్మ తలుపు వేసుకుని, గోరింకను ఎదురుగా పెట్టుకుని తనంత తానే కట్టింది. తన కంకణం మీద, కోట గుమ్మం మీద, ఏనుగుల మీద కట్టింది. గోరింక ప్రతి చరణానికీ ఆహా అంది. రోళ్ల దగ్గర ఆ పాట పాడితే ఎవరి రోకలీ లేవలేదు. ఒక ముసలమ్మ, "అంత పెద్ద కోట గదా తల్లీ, అక్కడ వడ్లు దంచేదెవరు?" అని అడిగింది. రావులమ్మకు తెలియదు. కోటలో ఆ సంగతి చూడాలనే ఆమెకు తోచలేదు.

పండుగ దగ్గరపడింది. చేతిలో పాట లేదు. ఆమె వదిన దగ్గరికి వెళ్లింది. పేరిందేవి చెరుగుతున్న చేటలో గింజల కన్నా నూకలే ఎక్కువగా ఉన్నాయి.

"ఇన్ని నూకలేంటి వదినా?"

"ఒంటి రోకలితో దంచితే ఇంతేనే రావులూ. ఎదురు దెబ్బ వినబడితేనే గదా మన దెబ్బ వరసలో పడేది."

"నాతో ఒక్క మాటన్నా అనలేదేం?"

"ఊరంతా దండాలు పెడుతుంటే నేనెట్టా పిలిచేది? దేవుణ్ణి వడ్లు దంచడానికి రమ్మంటారా ఎవరైనా?"

ఆ మాట రావులమ్మ గుండెల్లో గుచ్చుకుంది. లేచి ఇంటికి వెళ్లి, మూలనున్న రోకలిని తీసి పసుపూ కుంకుమా కడిగేసింది. చూసినవాళ్లు అపచారం అపచారమని గోల పెట్టారు. ఆమె వినిపించుకోలేదు. వదినకు ఎదురుగా నిలబడి దంచడం మొదలుపెట్టింది.

ఏడాదిపాటు పని మానిన చేయి కదా, మొదట రోకళ్లు ఢీకొన్నాయి. అరచేతిలో పొక్కులు లేచాయి. నోట సగం మాట వచ్చి ఆగిపోయింది. దానికీ వెంట వచ్చిన గోరింక ఆహా అంది. "నువ్వూరుకోవే" అని రావులమ్మ నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో. మెల్లగా దెబ్బకు దెబ్బ కుదిరింది. కుదిరిన చోట మాట పుట్టింది. మాట పక్కన మాట చేరింది. ఆ పాటను వాళ్లు పండుగ దాకా రోజూ దంచారు. వరస తప్పించిన ప్రతి మాటనూ రావులమ్మ తీసి పారేసింది.

పండుగనాడు కోట ముంగిట జనం కిటకిటలాడారు. చిలక బొమ్మల బుట్టతో రత్నగుప్తుడు ముందు వరసలోనే నిలబడ్డాడు. రావులమ్మ, పేరిందేవి రోలు దొర్లించుకుంటూ వచ్చి, వడ్లు పోసి, రోకళ్లు ఎత్తారు. ఈసారి పాట పేరిందేవి ఎత్తుకుంది, వంత రావులమ్మ అంది.

"ఒంటి రోకలి దంచితే ఒళ్లంతా నొప్పులే,
జంట రోకలి ఏదమ్మా, జాడ చెప్పరే."

"వస్తినే వదినా, ఇదిగో వస్తినే."

"పసుపు పూసి మూలబెట్టి పనికి వద్దంటిరి,
బియ్యమంతా నూకలాయె, పిలిచేదెట్టనే."

"వస్తినే వదినా, ఇదిగో వస్తినే."

జనం కదలలేదు. పిచ్చుక పాట లాంటిది విందామని వచ్చినవాళ్లకు ఇదేదో కొత్తగా ఉంది. గోరింక ఒక్కటే ఆహా అంది. జనం వంత రావలసిన చోట రావులమ్మ గొంతొక్కటే వినబడింది. ఇక తన పాట అయిపోయిందనుకుంది రావులమ్మ. అయినా రోకలి దించలేదు. రోట్లో ఉన్న వడ్లు దంచడం పూర్తి కావాలి కదా.

అప్పుడు కోట వెనుక నుంచి ధన్ ధన్‌మని చప్పుడు వినబడింది. ఒక రోలు కాదు, వరసగా ఎన్నో రోళ్లు. పండుగ పాయసానికి కొత్త బియ్యం దంచుతున్న ఆడవాళ్లు గోడ అవతల నుంచి పాట విని, తమ రోకళ్లను ఆ వరసలో పెట్టారు. "వస్తినే వదినా, ఇదిగో వస్తినే" అని వాళ్ల వంత గోడ దాటి వచ్చింది.

అది వినగానే జనం గుండె కరిగింది. ఇంట్లో ఎవరిని ఒంటరిగా పనిలో వదిలేసి పండుగకు వచ్చారో ఒక్కొక్కరికీ గుర్తొచ్చింది. ముంగిలంతా ఒక్క గొంతుతో వంత అందుకుంది. సునాదశర్మ కళ్లు తుడుచుకుంటూ వంత కలిపాడు. రత్నగుప్తుడు కూడా బుట్ట కింద పెట్టి మరీ పాడాడు.

పాట ముగిశాక రాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు. తరువాత అన్నాడు: "రావులమ్మా, పోయిన ఏడు నీ పాట విని నవ్వాను. నా ఇంటి వెనుక ఇంతమంది దంచుతున్నారని ఈ ఏడు నీ పాట వల్లనే విన్నాను. కంకణం నీది. ఇంకేం కావాలో కోరుకో."

రావులమ్మ తనకేమీ వద్దంది. గోరింకను మాత్రం తిరిగి ఇచ్చేసింది. "మంచి పిట్టే ప్రభూ. కానీ దానికి నా నూకలూ ఒకటే, బియ్యమూ ఒకటే" అంది.

రాజు నవ్వాడు. శాసనం ప్రకారం నీకిక ఏ పరీక్షా లేదు, మరి వచ్చే ఏడు ఏం చేస్తావని అడిగాడు.

"వచ్చే ఏడూ వడ్లు పండుతాయి గదా ప్రభూ" అంది రావులమ్మ, రోకలి భుజానికెత్తుకుంటూ.

ఊకదిబ్బలో ఆ తరువాత ఏ రోకలికీ పసుపు రాయలేదు. ఎవరు పాడినా ఎదుటివాళ్లు వంత అన్నారు, మీరింతసేపూ నాకు ఊఁ కొట్టినట్టే.

పొగడ్త విని పీట మీద కూర్చున్నవారికి పాత పాటే మిగులుతుంది, లేచి మళ్లీ తమవారితో పనిలో చేయి కలిపినవారికే కొత్త పాట దొరుకుతుంది.