గానుగ దయ్యం దాచిన తోడుపిండి

అనగనగా, మీరూ పుట్టకముందు, నేనూ పుట్టకముందు, ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో పారిజాతం అనే కోడలుపిల్ల ఉండేదర్రా. ఆ పిల్ల వీధిలో నడిచొస్తుంటే అప్పుడే తెల్లారినట్టుండేదిట. చెయ్యి చూస్తే చిన్నది, ఆ చేత్తో పెట్టేది మాత్రం పెద్దది.

కాపురానికి పంపేటప్పుడు వాళ్ళమ్మ ఆ పిల్ల ఒళ్ళో ఒక మట్టిపిడత పెట్టింది. అందులో ఏముంది? తోడుపిండి! పాలకి తోడేస్తే పెరుగవుతుంది చూశారూ, అలాగే ఇది రొట్టెకి తోడన్నమాట. పులిసి, బుడగలు బుడగలుగా, నిద్దరోతున్న పసిపిల్లలా మెల్లగా ఊపిరి తీస్తూ ఉంటుంది. రోజూ గుప్పెడు గోధుమపిండి, గరిటెడు పాలు, కాస్త బెల్లంకోరు వేసి కలపాలి. పదో రోజున నాలుగు వాటాలు చెయ్యాలి. ఒకటి రొట్టెకి, ఒకటి పిడతకి, రెండు ఇరుగుపొరుగుకి. ఒక్కదానివే దాచుకోకు తల్లీ, అలిగిపోతుంది అని మరీ మరీ చెప్పిందిట.

ఊ కొడుతున్నారా? ఏరా పండూ, కళ్ళు మూశావేం? రొట్టె వాసనొస్తోందా? సరే, విను.

మొదటి పదో రోజున కుండలు చేసే నూకాలుకిచ్చింది, నేత నేసే గౌరికిచ్చింది. నూకాలు చెల్లెలికిచ్చింది, చెల్లెలు తోడికోడలికిచ్చింది, తోడికోడలు ఆడపడుచుకిచ్చింది, ఆడపడుచు అత్తకిచ్చింది. ఆర్నెల్లు తిరిగేసరికి ఊళ్ళో ఇంటికో పిడత! కుండ కింద నిప్పులు, కుండ పైన మూకుట్లో నిప్పులు. తీపి రొట్టె పొంగుతుంటే ఊరు ఊరంతా ఒకటే వాసన.

మళ్ళీ పదో రోజొచ్చింది. ఒక వాటా మిగిలిపోయింది. ఏ గుమ్మం ఎక్కినా మాకుందమ్మా అంటారు. సరిగ్గా మిట్టమధ్యాహ్నం. ఊరి చివర పాడుబడ్డ నూనెగానుగలో ఒక దయ్యం ఉండేది. ఆడదయ్యమే. ముక్కు ఎగబీలుస్తూ గోడ మీంచి తొంగి చూస్తోంది. ఇంకొకరైతే చెప్పులొదిలేసి పరిగెత్తేవారు. మన పారిజాతం కొంగు సర్దుకుని దగ్గరికెళ్ళింది.

"ఇదిగో అక్కా, నీ వాటా. రోజూ పిండీ, పాలూ, బెల్లమూ" అంది.

దయ్యాన్ని అక్కా అందర్రా! ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

దయ్యానికి పాలెక్కడివీ అని అడక్కు పండూ. గిన్నె ఖాళీ అయితే పిల్లి తాగిందనుకుంటాం. ప్రతిసారీ పిల్లే అనుకున్నావా?

అత్తగారు అచ్చమాంబ మాత్రం ఊరుకోలేదు. "దయ్యంతో వరస కలిపావుటే? రేపు సారె కూడా పెడతావా?" అని దెప్పింది. పారిజాతం నవ్వుతూ పిండి కలుపుకోవడంలో పడింది.

ఇలా ఉండగా అక్కడ పారిజాతం వాళ్ళమ్మ కన్నుమూసింది. పొయ్యి చల్లారింది, చూసేవాళ్ళు లేక ఆ ఇంట్లో పిడతా ఎండిపోయింది. నాన్నేమో అన్నం సయించక, కంచం ముందు కూచుని లేచిపోతున్నాడుట. చివరికి కబురంపాడు, ఎల్లుండి వస్తున్నానమ్మా, మీ అమ్మ రొట్టె ఒక్కసారి తినాలనుంది, అని.

ఆ కబురొచ్చిన రోజే సూర్యగ్రహణం. పారిజాతం ఏటికెళ్ళి విడుపు స్నానం చేసి వచ్చేసరికి, పిడత తళతళా కడిగేసి గోడ మీద బోర్లించి ఉంది.

"అత్తయ్యా, పిండేదీ?"

"ఊరగాయ జాడీల మీద దర్భలేశానే. దీని సంగతి మర్చిపోయా. గ్రహణం పట్టిన పులుపు ఇంట్లో ఉంచుతామా? పారబోశా" అంది అచ్చమాంబ. అని కోడలి మొహం చూసి, పాపం, ఆ ఖాళీ పిడత తెచ్చి చేతికిచ్చింది.

పారిజాతం పిడత పట్టుకుని పరిగెత్తింది. నూకాలింట్లో ఉందా? లేదు. గౌరింట్లో ఉందా? లేదు. ఎందుకు లేదు? గ్రహణం పట్టింది. గ్రహణం పడితే పిడత కడిగారు, పిడత కడిగితే పిండి కాలవలో పడింది, కాలవ పోయి ఏట్లో పడింది, ఏట్లో చేపలకి పొట్టలు పొంగాయి! నవ్వకండర్రా, ఆ పిల్ల ఏడుస్తోంది. అమ్మ చేతిది ఇంకేం మిగల్లేదు మరి.

అప్పుడు గుర్తొచ్చింది. దయ్యానికి గ్రహణమేమిటి, మైలేమిటి!

గానుగలోకెళ్ళి చూస్తే, అమ్మో! రాతిరోలు నిండి, గట్టు పొంగి, నేలంతా పిండి. మధ్యలో దయ్యం గరిటె పట్టుకుని కూచుంది.

"పదో రోజున పంచమంటారు. నాకెవరున్నారే పిల్లా? ఏ గుమ్మానికెళ్ళినా తలుపులేస్తారు. రోజూ కలుపుతూ కూచున్నా" అంది.

"నాకియ్యక్కా" అంది పారిజాతం, కళ్ళు తుడుచుకుంటూ.

దయ్యం పిడత నిండా ఇచ్చింది. మర్నాడు ఆ దయ్యమే ఇంటింటికీ తిరిగి ఇచ్చింది, ఒక్కళ్ళూ తలుపెయ్యలేదు.

ఆ పై రోజు నాన్నొచ్చాడు. పారిజాతం మూకుడు తీసి రొట్టె పెట్టింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని మెల్లగా నమిలాడాయన. తరవాత, మీ అమ్మ బెల్లం కాస్త తగ్గించేదమ్మా, అన్నాడు. అంటూనే రెండో ముక్కకి చెయ్యి చాపాడు. వెళ్ళేటప్పుడు చిన్న పిడతలో తోడుపిండి కూడా పట్టుకెళ్ళాడు.

మరి అచ్చమాంబ? మళ్ళీ గ్రహణమొచ్చిన రోజున పొద్దున్నే లేచి, పిడత కొంగుకింద పెట్టుకుని తనే గానుగకెళ్ళిందిట. "అమ్మాయీ, విడిచేదాకా కాస్త దీన్ని చూసి పెట్టవే" అందిట!

చూశారా మరి, ఇంట్లో దాచుకున్నది కాలవలో పోయింది, ఇచ్చింది తిరిగి ఇంటికొచ్చింది. కథ కంచికి బయల్దేరింది, ఇక మనం దుప్పట్లోకి. పండూ... ఊ కొట్టవేం? నిద్దరోయాడు.