గున్నయ్య నారింజ చొక్కా

అనగనగా మోదుగుచెట్లు దట్టంగా పెరిగిన ఒక అడవి. ఆ అడవిలో గున్నయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, పొట్ట కూడా వచ్చింది. ఎన్ని వచ్చినా ఒక్కటి మాత్రం పోలేదు. అదేమిటంటారా? ఫుట్‌బాల్ పిచ్చి.

ఆ అడవి పిల్లలకు ఒక జట్టు ఉంది. మోదుగుపూలు నలిపి, ఆ రసంలో ముంచి ఆరేసిన నారింజరంగు చొక్కాలు తొడుక్కుని ఆడేవాళ్లు. ఆట చూడ్డానికి వచ్చే పిల్లలూ అవే తొడుక్కునేవాళ్లు. పెద్దవాళ్లు మాత్రం ఆ చొక్కా వేసుకోకూడదు. అక్కడి ఆచారం అది. పెద్దరికం వచ్చిన రోజున ఆట చొక్కా విప్పి చెట్టుతొర్రలో పెట్టేయాలి, భుజం మీద తెల్ల కండువా వేసుకోవాలి. గున్నయ్యకూ ఒక కండువా ఉంది. తేనె వడగట్టుకోవడానికి అది భేషుగ్గా పనికొచ్చేది.

ఆట ఉన్న రోజున గున్నయ్య నారింజ చొక్కాలోనే కనబడేవాడు. పొట్ట దగ్గర కుట్లు పటపటమంటున్నా లెక్కచేసేవాడు కాదు. నిజం చెప్పాలంటే ఆ జట్టు గెలిచినదానికంటే ఓడిందే ఎక్కువ. ఓడిన రోజున పిల్లలు కూడా పొద చాటుకు వెళ్లి చొక్కా విప్పేసేవాళ్లు. గున్నయ్య ఒక్కడే ఆ చొక్కాతో నడిబజారులోంచి నడుచుకుంటూ ఇంటికి వచ్చేవాడు.

ఇలా ఉండగా నీళ్లపెద్ద పదవి ఖాళీ అయింది. ఎండాకాలంలో ఆ అడవి మొత్తానికి ఒక్కటే మడుగు. అక్కడ ఎవరు ముందు తాగాలో, ఎవరు తర్వాత తాగాలో నీళ్లపెద్ద చెప్పాలి. అంతకుముందు ఆ పని ఒక అడవిపందిది. కిందటి ఎండల్లో మడుగు అడుగంటగానే ఆయనగారు ఎవరికీ చెప్పకుండా పక్క అడవికి చెక్కేశాడు. ఇక బలం ఉన్నవాళ్లు తోసుకుని తాగారు. కుందేలు పిల్లలూ ఉడుత పిల్లలూ బురద నాకారు. అది చూసి గున్నయ్యకు కడుపు తరుక్కుపోయింది. ఆ పని తనకు దొరికితే చిన్నవాళ్లకే ముందు నీళ్లు తాగించాలని అప్పుడే అనుకున్నాడు. ఆ పదవి కోసం ఏడాదంతా ఎదురుచూశాడు.

ఎదురుచూసిన రోజు రానే వచ్చింది. ఏం చేస్తాం, అదే రోజున గుట్టమీది జట్టుతో ఆట కూడా వచ్చిపడింది. ఆట అయ్యాక మైదానంలోనే నీళ్లపెద్దను ఎంచుకుందామని అడవి పెద్దలసభకు పెద్ద అయిన తాబేలు, కూర్మయ్య తాత, అందరికీ కబురు పెట్టాడు.

ఆ పొద్దున్నే నక్క కేశవులు గున్నయ్య గుహకు వచ్చాడు. కేశవులు పెద్దలసభలో సభ్యుడు. కండువా మీద ఈగ వాలినా సహించడు.

"గున్నయ్యా, నీ మేలు కోరి చెబుతున్నాను. ఇవాళ కండువా వేసుకుని రా, పదవి నీదే. ఆ పిల్లల చొక్కాతో వచ్చావంటే మాత్రం నీకు ఎవరూ చెయ్యెత్తరు. నలుగురిలో పెద్దవాడిలా కనబడనివాడి మాట మడుగు దగ్గర ఎవరు వింటారు?" అన్నాడు.

గున్నయ్య ఆలోచనలో పడ్డాడు. బురద నాకిన పిల్లలు కళ్లముందు మెదిలారు. ఒక్కరోజు చొక్కా మానేస్తే పోయేదేముంది అనుకున్నాడు. భార్య మల్లి కూడా అదే మాట అంది. కండువాకున్న తేనె మరకలు ఉతికి, ఆరబెట్టి, తనే అతని భుజం మీద వేసింది.

గున్నయ్య కండువాతో బయలుదేరాడు. దారిలో జట్టు పిల్లలు ఎదురయ్యారు. ముందు చుక్కి అనే దుప్పిపిల్ల నడుస్తోంది. జట్టుకు నాయకురాలు తనే. వెనకాల గోలు కాసే, ఒళ్లంతా పొలుసులున్న అలుగుపిల్ల, మిగతావాళ్లూ ఉన్నారు. మామూలుగా అయితే ఈ పిల్లలు గున్నయ్యను చూడగానే వీపెక్కి ఊరేగేవాళ్లు. ఇవాళ దారి పక్కకు ఒదిగి నిలబడ్డారు.

"నమస్కారమండీ," అంది చుక్కి, తల దించుకుని. మిగతావాళ్లూ అలాగే నమస్కారం పెట్టి ముందుకు వెళ్లిపోయారు.

అండీ అంట! గున్నయ్యకు గుండెలో కలుక్కుమంది. గిరుక్కున వెనక్కి తిరిగి ఇంటికి వచ్చాడు. కండువా తీసి చిలక్కొయ్యకు తగిలించాడు. మల్లి అతని ముఖం చూసింది. తొర్రలోంచి చొక్కా తెచ్చింది.

"ఊపిరి బిగబట్టండి," అని చొక్కాను పొట్ట మీదుగా కిందికి లాగింది.

గున్నయ్య అంగడి మీదుగా నడుస్తుంటే కొండముచ్చులు కిచకిచమని నవ్వాయి. నీళ్లపెద్ద అవుదామనుకుంటున్నవాడు ఇతనేనా అని వేళ్లు చూపించాయి. గున్నయ్యకు సిగ్గేసింది. సిగ్గేసినా నడక ఆపలేదు. మైదానానికి చేరి, నేరుగా ముందు వరసలో పెద్దల మధ్య చతికిలబడ్డాడు. కేశవులు మొహం తిప్పుకున్నాడు. పదవి పోయినట్టేనని గున్నయ్యకు అప్పుడే తెలిసిపోయింది.

ఆట మొదలైంది. పిల్లలూ, ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గుట్టమీది జట్టువాళ్ల చొక్కాలు తెల్లవి. వాళ్ల వెంట వచ్చిన గుంపంతా తెలుపే. మన పెద్దల కండువాలూ తెలుపే. ఆట చూడ్డానికి వచ్చిన మన చిన్నపిల్లలు వాళ్ల వెనక కనబడకుండా పోయారు. మన పిల్లలు తలెత్తి చూస్తే గున్నయ్య తప్ప అంతా తెల్లగానే కనబడింది. అందరూ ఎదుటివాళ్ల వైపే ఉన్నట్టు అనిపించి, వాళ్ల కాళ్లలో సత్తువ పోయింది. సగం ఆట అయ్యేసరికి రెండు గోల్స్ తినేశారు. అలుగుపిల్ల బంతిలా చుట్టుకుపోయి, ఎంత బతిమాలినా విప్పుకోలేదు.

విరామంలో చుక్కి నేరుగా గున్నయ్య దగ్గరికి వచ్చింది. కళ్లనిండా నీళ్లు.

"మామయ్యా, ఇంతమందిలో మనవాడివి నువ్వొక్కడివేనా?"

"అదేం మాటమ్మా, ఇక్కడున్న వాళ్లంతా మనవాళ్లే," అన్నాడు గున్నయ్య. "కాకపోతే పెద్దవాళ్లయ్యారు."

ఆ మాట ముందు వరస అంతా విన్నది. కూర్మయ్య తాత మెడ బయటికి చాపి తన కండువా చూసుకున్నాడు. పక్కవాడిది చూశాడు. ఎదురుగా గుట్టమీదివాళ్ల చొక్కాలు చూశాడు. ఇన్నేళ్లూ తమ పిల్లలకు తాము ఎలా కనబడుతున్నామో ఆయనకు అప్పుడు తెలిసింది. కండువా తీసి గున్నయ్య చేతికిచ్చి, దానికి రంగు వేయమన్నాడు.

మైదానం చుట్టూ మోదుగులు విరగబూసి ఉన్నాయి. గున్నయ్య రెండు చేతులా పూలు దూసి, పిండి, కండువా తడిపాడు. తాత కండువా నారింజరంగుకు తిరిగింది. అది చూసి కొమ్ముల కణుజు లేచింది, ముంగిస లేచింది, వరసలో ఉన్నవాళ్లంతా లేచారు. చివరికి కేశవులు ఒక్కడే మిగిలాడు.

"ఉతికితే పోతుందా?" అని అడిగాడు మెల్లగా.

"పోదు," అన్నాడు గున్నయ్య. కేశవులు అటూ ఇటూ చూసి, నిట్టూర్చి, తన కండువా కూడా ఇచ్చాడు.

రెండో సగానికి పిల్లలు మైదానంలోకి వచ్చి తలెత్తారు. ముందు వరస అంతా నారింజరంగులో నిలబడి ఉంది. పెద్దవాళ్లంతా గొంతు చించుకుని అరుస్తున్నారు. అలుగుపిల్ల విప్పుకుంది. వచ్చిన బంతినల్లా పొలుసులతో తోసేసింది. చుక్కి ఒక గోల్ కొట్టింది. కాసేపటికి జట్టులోని కుందేలు పిల్లాడు ఇంకొకటి కొట్టాడు. ఇక ఆట ముగుస్తుందనగా చుక్కి నలుగురిని తప్పించుకుని వెళ్లి మూడోది కొట్టింది. అడవి దద్దరిల్లిపోయింది. కేశవులు ఎగిరి గంతులేసి, ఎవరైనా చూశారేమోనని దిక్కులు చూశాడు. అందరూ చూశారు.

అప్పుడు సభ కూడింది. ఆట వేరు, మడుగు వేరు అని ఎవరో గొణిగారు. కూర్మయ్య తాత చేత్తో ఆపాడు.

"కిందటేడు మనం పెద్దవాడిలా కనబడేవాణ్ణి ఎంచుకున్నాం. కష్టం రాగానే వదిలేసి పోయాడు. గున్నయ్య ఓడిన జట్టును కూడా నలుగురిలో నావాళ్లని చెప్పుకుంటూ తిరిగాడు. ఇవాళ పదవి పోతుందని తెలిసీ వాళ్ల కోసం ఆ చొక్కాలోనే వచ్చాడు. నీళ్లు తగ్గిన రోజున మన పిల్లల పక్కన ఉండేది ఇతనే. నేను ఇతనికే చెయ్యెత్తుతున్నాను," అన్నాడు.

చేతులన్నీ లేచాయి. కేశవులు చెయ్యి అందరికంటే పైకి లేచింది. గున్నయ్య అంత భారీ శరీరమూ కదిలిపోయేలా ఏడ్చేశాడు. పిల్లలు ఎప్పటిలాగే అతని వీపెక్కి అడవంతా ఊరేగారు.

ఆ ఎండాకాలం మడుగు దగ్గర నారింజ చొక్కా వేసుకున్న ఎలుగుబంటి నిలబడ్డాడు. ఏనుగులు కూడా వరసలో ఆగాయి. కుందేలు పిల్లలూ ఉడుత పిల్లలూ అందరికంటే ముందు, కడుపునిండా, తేటనీళ్లు తాగారు.

నీతి: పెద్దరికం వేసుకున్న బట్టలో ఉండదు, మనవాళ్లు ఓడుతున్నప్పుడు కూడా వాళ్ల పక్షాన నలుగురిలో నిలబడడంలో ఉంటుంది.