వంగిన దారం

"చెబితే బెదిరి పారిపోతాడు. చెప్పకుండా వైద్యం చేస్తే తప్పేమిటి సార్?" అని విశాల అడిగింది.

ఆదోనిలో డాక్టర్ పరాంకుశంగారి దగ్గర కంటి వైద్యం నేర్చుకుంటున్న పిల్ల ఆమె. ఆయన్ని ప్రశ్న అడిగితే జవాబు రావడం అరుదు. రోగిని పిలుస్తారు, అంతే. ఆ చాదస్తం చాలామందికి ఒళ్లుమంట. నాకూ అంతే. ఆ రోజు సంగతి విశాల నోట విన్నాక మాత్రం నేను నోరు మూసుకున్నాను.

లోపలికి వచ్చినవాడు గంగులప్ప, పేరున్న మేస్త్రీ. వయసు మీదపడి కుడికంటి వెనక పొరలో పిచ్చి నాళాలు పెరిగాయి, నెత్తురు ఊరుతోంది. కంటిలోకి సూదిమందులు ఇంకా రాని కాలం అది. లేజరుతో ఆ నాళాలను కాల్చేయడమే దారి. కాల్చినచోట మచ్చ మిగులుతుంది, అంతమేర చూపు మళ్లీ రాదు. వదిలేస్తే నడిమి చూపు మొత్తం పోతుంది. మచ్చ సంగతి నాయనకు చెప్పొద్దని అంతకుముందే విశాల చేతులు పట్టుకుని అతని కూతురు బతిమాలింది.

పరాంకుశంగారు ఒక దారానికి కత్తెర కట్టి, పైకెత్తి వేలాడదీశారు.

"గోడకు గుండు పట్టినట్టు చూడు మేస్త్రీ."

దారానికి గుండు కట్టి గోడ నిలువు చూసేటప్పుడు మేస్త్రీలు ఒక కన్ను మూస్తారు. గంగులప్ప అలవాటుగా ఎడమకన్ను మూశాడు.

"వంకరగా ఉంది సార్."

ఆ మాట అన్నాక మనిషి కొయ్యబారిపోయాడు. బరువు కట్టి వేలాడదీసిన దారం వంగదని అతనికి ఒకరు చెప్పాలా? కన్ను మార్చి చూశాడు. నిటారుగా ఉంది. మళ్లీ మార్చాడు. వంగింది. ఆ జబ్బులో గీతలు వంగి కనిపిస్తాయని విశాలకు తెలుసు. తెలిసి కూడా ఆ ముఖం వైపు చూడలేకపోయింది.

"అయితే సుంకన్న గోడ సక్కగానే ఉండె," అన్నాడు చివరికి.

సుంకన్న అతని తమ్ముడు, అతని చేతికిందే పని నేర్చినవాడు. వాడు ఈ మధ్య లేపిన గోడ వంకర పోయిందని గంగులప్ప కూలీలందరి ముందూ చెంప పగలగొట్టాడు. గోడ కూల్పించాడు. "నా దారం అబద్ధం చెప్తాదా?" అన్నాడట. ఆనాటి నుంచి తమ్ముడు అన్న గడప తొక్కలేదు, తాపీ ముట్టలేదు. ఊరవతల క్వారీలో రాళ్లు మోస్తున్నాడు.

ఆ వెంటనే పరాంకుశంగారు మచ్చ సంగతి కూడా ఏమీ దాచకుండా చెప్పేశారు. గంగులప్ప విన్నాడో లేదో. లేచి, చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచాడు. కూతురు ఏడుస్తూ వెంటపడింది.

"పోయాడు సార్. చెప్పొద్దన్నది ఇందుకే. ఆలస్యమైతే ఆ కన్ను దక్కదు." అంది విశాల. గురువుగారి మీద ఆమెకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆయన లేజరు గదికి మాత్రం తాళం వేయనివ్వలేదు.

పొద్దు వాలేవేళకు అన్నదమ్ములిద్దరూ వచ్చారు. తమ్ముడి ఒంటినిండా రాతిదుమ్ము. గంగులప్ప ఎవరూ చెప్పకముందే కుర్చీలో కూర్చుని, గడ్డం మిషను మీద ఆనించాడు.

"మచ్చ పడుతుంది మేస్త్రీ. గుర్తుందా?" అని విశాల అడిగింది.

"పడనీ తల్లీ. ఇంగ గుండు సుంకన్న చూస్తాడు. వాడు సక్కగుందంటే సక్కగున్నట్లే."

సుంకన్న క్షమించాడో లేదో ఎవరికి తెలుసు. లేజరు పడేటప్పుడు తల కదలకూడదని డాక్టరుగారు అనగానే, వెనక్కి వెళ్లి, అన్న రెండు చెంపలూ తన అరచేతుల్లో గట్టిగా పట్టుకున్నాడు.

విశాల కళ్లు తుడుచుకుంటూ గురువుగారి వైపు చూసింది. పరాంకుశంగారు మిషను ముందు కూర్చుంటూ అన్నారు:

"కాల్చాల్సిన చోటు ఇప్పుడు అతనికీ తెలుసమ్మా. దీపం ఆర్పు."