నిద్రవాయిదా

ఒకానొక రాజ్యంలో, దాని పేరు చెబితే అక్కడివాళ్ళు ఇప్పటికీ చిన్నబుచ్చుకుంటారు కాబట్టి చెప్పను, ఉద్దండసింహుడనే రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడేమీ కాడు. కాకపోతే తనంతటివాడు ఇంకొకడు పుట్టలేదని గట్టి నమ్మకం. రోజూ సభ మొదలయ్యే ముందు వందిమాగధులు ఆయన బిరుదులన్నీ చదవాలి. అవి పూర్తయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది, సభలో కడుపులు గుర్రుమనేవి. అందుకని ముందు బిరుదులు, తరువాత భోజనాలు, ఆ తరువాత ఓపిక మిగిలితే రాజ్యపాలన.

ఆ రాజధానిలో ఒక మంచి ఏర్పాటు కూడా ఉండేది. ప్రతి వీధివాళ్ళూ తమ తరఫున ఒకరిని ఎన్నుకుని పురసభకు పంపేవారు. సభలో వీధికొక పీట. ఊరి మంచిచెడ్డలు ఆ పీటల మీద కూర్చున్న వీధిపెద్దలే తేల్చాలి. రాజుగారి తాతగారు పెట్టిన పద్ధతి అది.

దానికి తోడు ఆయనే ఇంకో ఆచారం పెట్టి పోయాడు. ఏ విషయమూ సభలో లేచిన రోజునే తేల్చకూడదు. పెద్దలందరూ ఇళ్ళకు వెళ్ళి, తిని, పడుకుని, మర్నాడు వచ్చి అభిప్రాయం చెప్పాలి. దాన్ని నిద్రవాయిదా అనేవారు. నిద్రలో బుద్ధి పదునెక్కుతుందని వాళ్ళ నమ్మకం. నిజంగానే పదునెక్కేది! సాయంత్రం నీళ్ళు నమిలిన పెద్దమనిషి తెల్లారేసరికి గడగడా మాట్లాడేవాడు. రాజుగారూ అంతే. ఇదంతా నిద్ర మహిమేనని ఆస్థాన పండితులు ఏకంగా ఒక గ్రంథం రాసిపారేశారు.

ఆ సభలో అందరికన్నా తెలివైనవాడని పేరు పడ్డవాడు కుమ్మరివీధి పెద్ద గవరయ్య. మితభాషి. చెప్పింది నాలుగు ముక్కలే అయినా ఊరికి పనికొచ్చేది. రాజుగారే మెచ్చుకుని ఆయనకు ‘బుద్ధిసాగర’ అని బిరుదిచ్చి శాలువా కప్పారు. పాపం, ఆ ఏడు చలికాలంలో జ్వరం తగిలి గవరయ్య కన్నుమూశాడు.

కుమ్మరివీధి వాళ్ళు కళ్ళు తుడుచుకుని, నలుగురూ కూడి, ఒక్క మాట మీద ఆయన భార్య పేరమ్మను వీధిపెద్దగా ఎన్నుకున్నారు. ఎందుకంటారా? ఆ వీధిలో ఇళ్ళు ఇరుకు, గోడలు పల్చన. సభకు ముందురోజు రాత్రి గవరయ్య ఇంట్లో మాట్లాడే గొంతు ఎవరిదో, ఊ కొట్టే గొంతు ఎవరిదో వీధి వీధంతటికీ తెలుసు.

పేరమ్మ జరీ అంచు చీర కట్టుకుని సభకు వచ్చింది. నేరుగా వెళ్ళి భర్త కూర్చునే పీట ముందు నిలబడింది.

రాజుగారు బిరుదులు వినడం ఆపి కనుబొమలు ఎగరేశారు.

“ఏమమ్మా, దారి తప్పావా? వంటశాల అటు.”

సభ ఘొల్లుమంది. పేరమ్మ కూడా నవ్వింది.

“దారి సరిగ్గానే వచ్చాను మారాజా. కుమ్మరివీధి వాళ్ళు నన్ను పంపారు. ఈ పీట మాది.”

“ఆడది పురసభలోనా!” అని మంత్రి భైరవామాత్యుడు లేచాడు. ఆయన రాజుగారి ముఖం చూసి మాట్లాడేవాడు. ముఖంలో నవ్వు కనిపిస్తే నవ్వు, కోపం కనిపిస్తే కోపం. “ఓయమ్మా, ఈ సభ నడిచేది నిద్రవాయిదా మీద. మగవాడు పడుకుంటే గాఢనిద్ర. అందులో బుద్ధి వికసిస్తుంది. మీ ఆడవాళ్ళకు నిద్ర ఎక్కడిది? పిల్లాడు ఏడిస్తే లేస్తారు, పిల్లి కదిలితే లేస్తారు, తెల్లారకముందే కళ్ళాపి చల్లడానికి లేస్తారు. నిద్రలేనివాళ్ళకు బుద్ధి ఎలా వస్తుంది?”

“భేష్!” అన్నారు రాజుగారు.

పేరమ్మకు ఒళ్ళు మండింది. కానీ ఆమె మామూలు ఘటం కాదు. మంత్రికి వంగి దండం పెట్టింది.

“నిజమే బాబూ, నిద్ర గురించి మీకు తెలిసినంత మాకెక్కడ తెలుస్తుంది? ఇంతకీ ఇవాళ సభలో ఏం తేలుస్తున్నారు మారాజా?”

“వరద కాలువ,” అన్నారు రాజుగారు. “ఊరి మీదికి వచ్చే వాననీళ్ళను ఎటు మళ్ళించాలో తేల్చాలి. వానలు దగ్గర పడ్డాయి. ఉన్న కూలీలతో ఒక్క కాలువే తవ్వగలం.”

ఆ మాటతో పేరమ్మ ముఖంలో నవ్వు కాస్త తగ్గింది. ఊళ్ళో అన్నిటికన్నా పల్లంలో ఉన్నది కుమ్మరివీధి. వాన గట్టిగా పడితే మొదట మునిగేది అదే. ఆరబెట్టిన పచ్చికుండలు మట్టిముద్దలైపోతాయి. ఇంకా ఏమేం పోతాయో ఆ వీధివాళ్ళకే తెలుసు. ఇప్పుడు ఆ వీధి పీట ఖాళీగా ఉంటే, కాలువ ఎటు పోయినా అడిగే నాథుడు ఉండడు.

“అయితే నాదొక్క మనవి మారాజా,” అంది. “నిద్ర మీదే ఇంత ఆధారపడినప్పుడు, పెద్దలందరినీ ఆ ఇరుకు ఇళ్ళకు పంపడం ఏం న్యాయం? అక్కడ దోమలు, పిల్లల గోల. ఇవాళ నిద్రవాయిదా ఇక్కడే, కోటలోనే జరిపించండి. హంసతూలికా తల్పాలు వేయించండి. ఏలినవారు కూడా అంతఃపురానికి వెళ్ళకుండా ఈ పెద్దల మధ్యే పవళిస్తే, రేపటి నిర్ణయం ఎంత గొప్పగా ఉంటుందో!”

రాజుగారి మీసం దానంతట అదే పైకి లేచింది. “ఇన్నాళ్ళూ ఈ ఆలోచన నీకు రాలేదేం మంత్రీ?”

“అదే అనబోతున్నాను ప్రభూ,” అన్నాడు మంత్రి.

“అయితే పందెం,” అంది పేరమ్మ. “రేపు పొద్దున కాలువ ఎటు తవ్వాలో, ఎందుకు తవ్వాలో సభ చెబితే నేను ఇంటికి పోయి కుండలు చేసుకుంటాను. మళ్ళీ ఈ గడప తొక్కను. చెప్పలేకపోతే ఆ పీట నాది. కాకపోతే తెల్లారేదాకా ఎవరూ కోట దాటి పోకూడదు, ఇళ్ళ నుంచి ఎవరూ లోపలికి రాకూడదు. నిద్ర చెడుతుంది కదా మరి!”

“సరే!” అన్నారు రాజుగారు.

వీధిపెద్దలు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంటికి వెళ్ళకూడదు అనగానే గానుగవీధి పెద్దకు చెమటలు పట్టాయి. అయినా రాజుగారు సరే అన్నాక కాదనే గుండె ఎవరికుంది?

ఆ రాత్రి పూర్ణాలు, పులిహోర, గడ్డపెరుగు. పన్నీరు చల్లిన పరుపులు. సభ యావత్తూ ఎంత గాఢంగా నిద్రపోయిందంటే, ఆ గురకలకు లాయంలో గుర్రాలు బెదిరిపోయాయని తరువాత కాపలావాళ్ళు చెప్పుకున్నారు.

తెల్లారింది. కాపలావాళ్ళు పేరమ్మను ఒక్కదాన్నే లోపలికి రానిచ్చి మళ్ళీ తలుపులు మూశారు. అందరూ పీటల మీద కూర్చున్నారు. ఒక్కరి తలపాగా కూడా తిన్నగా లేదు. రాజుగారు బిరుదులు కూడా పక్కనపెట్టి, ఉత్సాహంగా గానుగవీధి పెద్దను అడిగారు.

“చెప్పవయ్యా, కాలువ ఎటు?”

“తూర్పుకు ప్రభూ.”

“ఎందుకు?”

“ఎందుకంటే... పడమరకైనా నాకేం అభ్యంతరం లేదు ప్రభూ.”

రాజుగారు మేదరవీధి పెద్ద వైపు తిరిగారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“ఆలోచన గొంతుదాకా వచ్చింది ప్రభూ. ఒక్కసారి ఇంటికెళ్ళి ముఖం కడుక్కుని వస్తే బయటపడుతుంది.”

“ఇక్కడ నీళ్ళు లేవా?”

“ఆ నీళ్ళు వేరు ప్రభూ.”

ఆకుల బజారు పెద్ద చేతులు కట్టుకుని లేచాడు. “తప్పంతా తలగడది ప్రభూ. నాకు మా ఇంటి తలగడ అలవాటు. తెప్పిస్తే ఒక్క కునుకు తీసి చెప్పేస్తాను.”

“భటులను పంపిస్తాం.”

“భటులు వద్దు ప్రభూ! మా ఆవిడే తేవాలి. తెచ్చి, నా పక్కన కాసేపు కూర్చుని వెళ్ళిపోతుంది. అంతే!”

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అలా వరసగా పీటలన్నీ అయిపోయాయి. ఎండ మండిపోతోంది, వాన వచ్చేస్తోంది, దేవుడే దారి చూపాలి అన్నవాళ్ళే గానీ కాలువ సంగతి తేల్చినవాడు లేడు.

“మరి మంత్రిగారు?” అంది పేరమ్మ.

“ప్రభువుల అభిప్రాయమే నా అభిప్రాయం,” అన్నాడు భైరవామాత్యుడు, ఏమాత్రం తడబడకుండా.

ఇక అందరూ రాజుగారి వైపు చూశారు. ఆయన రొమ్ము విరిచి, నోరు తెరిచి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయారు. లోపల ఏమీ లేదు. వెతుక్కున్నారు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. రోజూ పొద్దున మహారాణి మాధవీదేవి తలపాగా చుడుతూ, “ఈ విషయంలో ఏలినవారు ఇలా అనుకుంటున్నారు కదూ?” అనేది. ఆయన, “సరిగ్గా అదే అనుకుంటున్నాను!” అనేవారు. ఇవాళ తలపాగా చుట్టింది నౌకరు. వాడు నోరు విప్పలేదు.

రాజుగారు మెల్లగా తలపాగా తడుముకున్నారు. అది కూడా ఒక పక్కకు ఒరిగి ఉంది.

“పేరమ్మా,” అన్నారు కాస్త గొంతు తగ్గించి, “బుద్ధి వచ్చేది నిద్రలో కాదు కదూ?”

“నిద్రకు ముందు మారాజా. దీపం ఆర్పే ముందు.”

మంత్రి చప్పున అందుకున్నాడు. “అయితే మరీ మంచిది కదా ప్రభూ! ఆడవాళ్ళు ఇళ్ళలో చెబుతున్నారు, మగవాళ్ళు ఇక్కడ చెబుతున్నారు. ఊరి పని జరిగిపోతూనే ఉంది. ఇక వాళ్ళకు వేరే పీట దేనికి? ఇవాళ్టి నుంచి నిద్రవాయిదా మళ్ళీ ఇళ్ళలోనే పెట్టుకుందాం.”

వీధిపెద్దలు హమ్మయ్య అనుకున్నారు. రాజుగారు కూడా తల ఊపబోయారు. ఈసారి పేరమ్మ నవ్వలేదు.

“నిరుడు వానలకు ముందు మా వీధి గట్టు బీటలు వారింది మారాజా. సభలో చెప్పి బాగు చేయించమని మా ఆయనకు చెప్పాను. చెబుతానని బయలుదేరాడు. ఆ రోజు ఏలినవారి ముఖం చిరాకుగా ఉందట. భయపడ్డాడు. ‘రేపు చెబుతాలేవే’ అంటూ తిరిగొచ్చాడు. ఆ రేపటికన్నా వాన ముందొచ్చింది. మా పక్కింటి రావులమ్మ బిడ్డ ఉయ్యాలతో సహా నీళ్ళలో తేలిపోయింది. మెడలోతు నీళ్ళలో పోయి నేనే పట్టుకున్నాను. బిడ్డ దక్కింది. ఇప్పటికీ వాన మబ్బు పడితే నాకు కంటి మీద కునుకుండదు.”

పేరమ్మ కొంగు నడుముకు బిగించింది.

“మా ఆయన మంచివాడు. ఆయన్ని నేను ఏమీ అనను. కానీ మునిగేది నా ఇల్లయినప్పుడు, భయపడి ఆగిపోయే నోరు ఇంకొకరిది కాకూడదు మారాజా. ఆగితే నా నోరే ఆగాలి. అది ఎలాగూ ఆగదనుకోండి, తమరికి నిన్నటి నుంచీ తెలుస్తూనే ఉంది.”

రాజుగారు తన కాళ్ళ వైపు చూసుకున్నారు. ఆ చిరాకు ఆయనకు బాగా గుర్తుంది. ఆ రోజు కొత్త ముచ్చెలు తొడుక్కున్నారు. అవి మడమ దగ్గర కరిచాయి. అంతే, అంతకుమించి ఏమీ లేదు.

“నా ముచ్చెలు కరిస్తే మీ వీధి మునిగిందా!” అన్నారు. మొదట సిగ్గుపడ్డారు. ఆ తరువాత తన బిరుదులన్నీ ఒక్కసారి తలచుకుని, పక్కనున్న ఒరిగిన తలపాగాలన్నీ చూసి, ఉండబట్టలేక నవ్వడం మొదలుపెట్టారు. రాజు నవ్వితే నవ్వకపోవడం ఎలా? మంత్రి అందరికన్నా గట్టిగా నవ్వాడు. నవ్వి నవ్వి రాజుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నవ్వు నీళ్ళో, ఇంకేవో నేను చెప్పలేను.

“పీట నీదే పేరమ్మా. పందెం పందెమే. మీ ఆయన బిరుదు కూడా నీకు ఇస్తున్నాం. బుద్ధిసాగర!”

“అది మా ఇంట్లోనే ఉంది కదా మారాజా, మళ్ళీ ఎందుకు? బహుమానం ఇవ్వాలనుకుంటే ప్రతి వీధి పీట పక్కనా ఇంకో పీట వేయించండి. ఆ వీధి ఆడవాళ్ళు ఎన్నుకున్న మనిషి వచ్చి కూర్చుంటుంది.”

“వేయించాం! కాలువ సంగతి మాత్రం రేపటికి, నిద్రవాయిదా...”

“ఎందుకు మారాజా? అడగాల్సినవాళ్ళంతా వాకిట్లోనే ఉన్నారుగా.”

కోట తలుపులు తీశారు. నిజంగానే వాకిలి నిండా ఆడవాళ్ళు. రాత్రి ఇంటికి రాని మగవాళ్ళ కోసం చద్దిమూటలు పట్టుకుని తెల్లవారుజాము నుంచీ నిలబడి ఉన్నారు. వాళ్ళందరికన్నా ముందు, అంతఃపురం దిగి వచ్చిన మహారాణి మాధవీదేవి ఉంది. ఆమె లోపలికి వచ్చి, ముందు రాజుగారి తలపాగా సరిచేసింది. ఈసారి ఆయన చెవిలో ఏమీ చెప్పలేదు. సభ వైపు తిరిగి, అందరికీ వినబడేలా మాట్లాడింది.

ఆ పూట సభ సందడే సందడి. గానుగవీధి ఆవిడ ఒకటంటే మేదరవీధి ఆవిడ కాదంది. ఆకుల బజారు దంపతులైతే సభలోనే వాదించుకున్నారు. ఆయన ఇంట్లో ఏనాడూ అంత ధైర్యం చేయలేదట! చివరకు కాలువ కుమ్మరివీధి ఎగువ నుంచి మళ్ళించి పాత వాగులో కలపాలని మధ్యాహ్న భోజనానికి ముందే తేలింది. బిరుదులు చదవడం సాయంత్రానికి మార్చారు. వినడానికి ఎవరైనా మిగిలితే వింటారని రాజుగారే అన్నారు.

ఆ ఏడు వాన మామూలుగా పడలేదు. ఒక రాత్రి ఊరు ఊరంతా దుప్పట్లు కప్పుకుని కిటికీలు మూసుకుంది. పేరమ్మ మాత్రం అలవాటుగా లేచి, లాంతరు పట్టుకుని పక్కింటికి వెళ్ళి చూసింది. గడప పొడిగా ఉంది. రావులమ్మ బిడ్డ ఉయ్యాల దూలానికే వేలాడుతోంది. పేరమ్మ దాన్ని ఒక్కసారి ఊపి, ఇంటికొచ్చి, తెల్లారేదాకా హాయిగా నిద్రపోయింది.