ఊసరవెల్లికి తడి గోనె

ఊసరవెల్లి నీళ్ళు తాగడం లేదు. రెండు రోజులుగా ఓబులేసుకు అదే బెంగ.

దాన్ని అతనికి అప్పగించింది గురువు రాచప్ప తాత. ఓబులేసులాగే తాత కూడా ఒకప్పుడు నేతపనివాడే. వయసు మీదపడ్డాక మగ్గం దిగి, నేసేవాళ్ళ పేట చివర ఒక చిన్న మఠంలో ఉంటున్నాడు. అడిగినవాళ్ళకు నాలుగు మాటలు చెబుతాడు, అదీ పొదుపుగా. ఒకరోజు దారిలో ఎవరో అపశకునమని ఊసరవెల్లిని రాళ్ళతో కొడుతుంటే అడ్డం పడి, పంచె కొంగులో చుట్టి తెచ్చాడు. దాని వెనక కాలు ఒకటి దెబ్బతింది. వెదురు బుట్టలో ఒక కొమ్మ నిలబెట్టి, దాన్ని అందులో ఉంచి, ఓబులేసు చేతికిచ్చాడు.

"నేను పక్క ఊర్లకు పోయొస్తా. పదైదు దినాలు పడుతుంది. కాలు కుదిరి కొమ్మెక్కేదాకా దీన్ని చూసుకో."

"నా పానం మాదిరి చూసుకుంటా తాతా," అన్నాడు ఓబులేసు.

ఆ మాటలో భక్తి ఉంది. తాత దగ్గరికి వచ్చే పదిమందిలో తన చేతికే ఇచ్చాడన్న గర్వమూ ఉంది. శిష్యులన్నాక ఈ రెండూ కలిసే ఉంటాయి, ఓబులేసును ప్రత్యేకంగా తప్పుపట్టాల్సిన పని లేదు.

మిడతలు పట్టి వేస్తే ఊసరవెల్లి తింటోంది. నీళ్ళ చిప్పను మాత్రం కన్నెత్తి చూడడం లేదు. కళ్ళు లోపలికి పోయాయి. ఒళ్ళు ముడతలు పడి బూడిద రంగుకు తిరిగింది. మూడో రోజు ఓబులేసు చెయ్యి కడుక్కుని విదిలిస్తే నాలుగు చుక్కలు బుట్టలోని ఆకుల మీద పడ్డాయి. అది మెల్లగా మెడ చాచి ఒక్కో చుక్కనూ నాకింది.

ఓబులేసుకు ప్రాణం లేచొచ్చింది. దీనికి కావలసింది చిప్పలో నీళ్ళు కాదు, చుట్టూ తడి. తడి సంగతి తనకంటే బాగా ఎవరికి తెలుసు? ఎండాకాలం గాలి పొడిబారి పేటలో అందరి పడుగు పోగులూ పుటుక్కు పుటుక్కున తెగుతుంటే, తెగకుండా నడిచేది అతని మగ్గం ఒక్కటే. వాకిలికి తడి గోనె కడతాడు, కిటికీ మూస్తాడు, నేల తడుపుతాడు. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంతలో కూర్చుంటే బావిలో కూర్చున్నట్టే ఉంటుంది.

బుట్టను తెచ్చి మగ్గం గుంత పక్కన పెట్టాడు. చుట్టూ తడి గోనె చుట్టాడు. గంటకోసారి చెంబుతో నీళ్ళు చిలకరించాడు. నేత మధ్యలో ఆపి మరీ లేచేవాడు. నాలుగు రోజుల్లో ఊసరవెల్లి కళ్ళు తేరుకున్నాయి, ఒళ్ళు పచ్చబడింది. ఓబులేసు పనిగట్టుకుని మిగతా శిష్యులను పిలిచి చూపించాడు.

తొమ్మిదో రోజు అది నోరు తెరిచి కూర్చుంది. మిడత వేస్తే ముట్టలేదు. మూతి చివర చిన్న నురగ. ఊపిరి తీస్తే గుర్రుమని సన్నగా చప్పుడు. బుట్టలోని కొమ్మకు తెల్లగా బూజు పట్టింది.

తడి చాలలేదనుకున్నాడు ఓబులేసు. రెండో గోనె చుట్టాడు.

"ఒగ గడియ బయట పెట్టరాదా?" అంది భార్య సుంకమ్మ. "ఈ ఇంట్లో నాకే ఊపిరి ఆడ్డంల్యా."

"బయట పెడితే ఎండిపోతాది. పోగు సంగతి నీకు తెల్దా?"

సుంకమ్మకు పోగు సంగతి తెలుసు. పోగుకు ముక్కు ఉండదని కూడా తెలుసు. కానీ ఆయన అప్పటికే చెంబెత్తి నీళ్ళు చిలకరిస్తున్నాడు.

పదమూడో రోజు తాత వచ్చాడు. అనుకున్నదానికంటే రెండు రోజులు ముందే. ఓబులేసు ఎదురెళ్ళి కాళ్ళ మీద పడ్డాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"చచ్చిపోయేటట్టుంది తాతా. నేనేం తక్కువ చేసినా? గంటకోతూరి తడిపినా. కూడు తినేది మర్చిపోయినా గానీ దాన్ని తడిపేది మర్చిపోలా."

తాత బుట్ట దగ్గర చెవి పెట్టి విన్నాడు. గోనెను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. గోనెలు విప్పి అవతల పడేసి, బుట్టను సుంకమ్మ చేతికిచ్చాడు.

"వసారాలో గాలి తగిలేచోట తగిలించమ్మా. ఎండ నేరుగా పడనీయద్దు. కొమ్మ మార్చు."

"ఎండిపోతాది తాతా," అన్నాడు ఓబులేసు కంగారుగా.

"నువ్వు ఎండిపోకుండా నేను చూసుకుంటాలే. పో, మగ్గంలో కూర్చో."

ఓబులేసు గుంతలోకి దిగి కూర్చున్నాడు. తాత అతని తువ్వాలును కడవలో ముంచి, పిండకుండా తెచ్చి భుజాల చుట్టూ కప్పాడు. పక్కన పీట వేసుకుని, చెంబు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు.

"నెయ్యి," అన్నాడు.

మొదట హాయిగానే ఉంది. బయట ఎండ పేలిపోతోంది మరి. తువ్వాలు కాస్త ఆరుతుందనగా తాత చెంబెత్తి నీళ్ళు పోశాడు. మళ్ళీ ఆరబోయింది, మళ్ళీ పోశాడు. మధ్యాహ్నానికి ఓబులేసుకు వీపంతా దురద. వేళ్ళు నాని ముడుచుకున్నాయి. ముక్కు కారడం మొదలైంది. వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాడు. తాత చెంబెత్తాడు.

"వద్దు తాతా. ఒగ గడియ ఆరనీ."

అనేసి ఓబులేసు అక్కడే ఆగిపోయాడు. చేతిలో పోగు నడిపే నాడె కదల్లేదు. వాకిలిలోంచి వసారాలో వేలాడుతున్న బుట్ట కనిపిస్తోంది.

తాత చెంబు కింద పెట్టాడు. తువ్వాలు తీసి, పిండి, దండెం మీద ఆరేశాడు.

"పొద్దున ఒగతూరి, సందకాడ ఒగతూరి తడుపు. ఆకుల మీదనుంచి బొట్లు కారాల. తర్వాత ఆరనీ."

"మధ్యలో నేనేం చెయ్యాల తాతా?"

"ఏమీ చెయ్యొద్దు."

ఓబులేసు జీవితంలో అంత కష్టమైన పని ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే ఆకులు తడిపేవాడు. ఊసరవెల్లి ఒకటి రెండు చుక్కలు నాకేది, ఒక్కోసారి అదీ లేదు. గాలి వీచి ఆకులు ఆరిపోయేవి. చెయ్యి చెంబు మీదికి పోయేది, వెనక్కి లాక్కునేవాడు. మగ్గం మీద కూర్చుంటే మనసు నిలవక, వచ్చి బుట్ట కింద చతికిలబడేవాడు. మూడు రోజులు అది నోరు మూయలేదు. నాలుగో రోజు కూడా గుర్రుమంటూనే ఉంది. పోతుందేమోనని ఓబులేసు సుంకమ్మ ముందే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అయినా చెంబు ముట్టలేదు.

ఆరో రోజు నురగ కనిపించలేదు. ఎనిమిదో రోజు మిడతను తింది. పన్నెండో రోజు తెల్లవారేసరికి అది బుట్టలో కొమ్మ చివరకు ఎక్కి, ఒక కన్ను ఇటూ ఒక కన్ను అటూ తిప్పుకుంటూ కూర్చుంది. దెబ్బతిన్న కాలు కొమ్మను గట్టిగానే పట్టుకుంది.

ఆ సాయంత్రం బుట్ట తీసుకుని ఓబులేసు మఠానికి వెళ్ళాడు. మిగతా శిష్యులంతా అక్కడే ఉన్నారు. తాత మఠం వెనక తంగేడు పొద దగ్గర బుట్ట మూత తీశాడు. ఊసరవెల్లి ఏ తొందరా లేకుండా, ఒక్కో అడుగూ ఊగి ఊగి వేస్తూ పొదలోకి వెళ్ళిపోయింది.

"ఎట్ల బతికించినావప్పా?" అని అడిగాడు తాత.

ఓబులేసు చేతులు కట్టుకున్నాడు. "పొద్దున తడిపినా, సందకాడ తడిపినా తాతా."

"మధ్యలో?"

"ఏం చెయ్యలేదు."

శిష్యులు నవ్వారు. ఓబులేసు తల వంచుకున్నాడు.

"నవ్వొద్దండి," అన్నాడు తాత. "పన్నెండు దినాలు చెంబు పక్కన పెట్టుకొని ఏమీ చెయ్యకుండా కూర్చున్నాడు. నాకైనా కష్టమే."