నక్క పిలిచిన తీర్పరి

రండి, ఇంకాస్త ముందుకు జరిగి కూర్చోండి. గడప మీద ఉన్నవాళ్ళు కూడా చాప మీదికి రండి. గట్టిగా చెప్పే ఓపిక లేదు నాకు.

ఒక అడవిలో ఎండలకు వాగు ఎండిపోయింది. ఇసుక కింద నీళ్ళున్న చోటు నక్క వాసన పట్టింది. ఎద్దు గిట్టలతో తవ్వి చెలమ తీసింది. పొద్దున ఎద్దు, సాయంత్రం నక్క తాగాలని మోదుగాకు మీద ఒప్పందం రాసుకున్నాయి. రాసింది నక్క. ఎద్దు ఆకు తిప్పి చూడకుండానే గిట్ట ముద్ర వేసింది.

నాలుగు రోజులకే చెలమ చుట్టూ తుమ్మకంప లేచింది.

"ఏం అల్లుడూ, కంప వేశావు?" అంది ఎద్దు.

"చోటు కనిపెట్టింది నేను కదా మావా. నీళ్ళు నావే."

"మరి తవ్వింది?"

"తవ్వినందుకు నాలుగు రోజులు తాగావుగా. తగవు పెట్టుకుంటానంటావా, ఆకు తిప్పి చదువు."

వెనకవైపు ఒకే వాక్యం ఉంది: తగవు వస్తే తీర్పరిని నక్క ఒక్కటే పిలవాలి.

నక్క తోడేలును పిలిచింది. ఎద్దుకు నాలుక పిడచగట్టింది. ఇంకో రెండు రోజులు నీళ్ళు లేకపోతే బతకదు. అడవికి పెద్ద అయిన ఏనుగమ్మ దగ్గరికి నడిచింది.

ఏనుగమ్మ ఆకు రెండువైపులా చూసింది. "నిరుడైతే నక్క మాటే చెల్లేది. ఈ ఏడు కొత్త కట్టుబాటు పెట్టాం. తీర్పుకు కూర్చునేవాడు ఇటువాడూ కాదు, అటువాడూ కాదు, ఆ తగవులో తనకు దక్కేదీ లేదు అని ముందు అందరి ఎదుటా చెప్పాలి. అది అబద్ధమైతే లేచిపోవాలి. అప్పుడు ఇద్దరూ కలిసి ఇంకొకరిని ఎంచుకోవాలి."

మర్నాడు పొద్దున జంతువులన్నీ వాగు ఒడ్డున చేరాయి. తోడేలు గొంతు సవరించుకుంది.

"నక్కతో నాకు పొత్తు లేదు, ఆ నీళ్ళలో నాకు దక్కేదీ లేదు. ఆ చెలమ ఎటు ఉందో కూడా ఎరగను."

నక్క తల ఊపింది.

ఎద్దు నెమ్మదిగా అంది, "చూడకుండా తీర్పేం చెబుతారు, అయ్యగారూ? ఒకసారి చూసి రండి. అదిగో, ఆ కంప అవతలే. తమరు పెద్దవారు, ముందు నడవండి."

ఎండ అప్పుడే మండిపోతోంది. నీళ్ళ మాట వినగానే తోడేలు కాళ్ళు ఆగలేదు. కంప ముందువైపుకు వెళ్ళనే లేదు. చుట్టూ తిరిగి, వెనకాల బండచాటున ఉన్న సందులోంచి లోపలికి దూరి, మూతి ముంచేసింది. ఆ సందు ఉందని అప్పటిదాకా ఎద్దుకే తెలియదు.

"చూడని చోటికి నీ కాళ్ళు బాగానే దారి తీశాయే," అంది ఏనుగమ్మ. "ఇక లే."

తోడేలు తడి మూతితోనే జారుకుంది. వేరే దారి లేక నక్క, ఎద్దుతో కలిసి తాబేలును ఒప్పుకుంది. తాబేలు తీర్పు చిన్నది. "ఆకు పైవైపు రాసినట్టే తాగండి. కంప వేసినవాడే తీయాలి."

ఎద్దుకు ముందు కాస్త దారి తీసి, నక్క మిగిలిన ఒక్కో ముళ్ళకొమ్మనూ నోటితో లాగుతోంది.

"మావా, కాస్త చెయ్యి వెయ్యవూ?"

"తీర్పులో లేదు అల్లుడూ," అని ఎద్దు మళ్ళీ నీళ్ళలోకి మూతి వంచింది.

తగవులో ఉన్నవాడు ఒక్కడే ఎంచుకున్న తీర్పరి తీర్పరి కాడు, వాడి వకీలు.

సరే, మీ అమ్మలు రెండుసార్లు కేకేశారు. వెళ్ళి వేడివేడిగా అన్నం తినండి.