బాంబో లూకా గోడ

గోడ రెండు వేళ్లు వంగింది.

హనోకు దారానికి గుండు కట్టి పైనుంచి వదిలి చూశాడు. గుండుకీ ఇటుకకీ మధ్య రెండు వేళ్ల సందు తేలింది. ఇంకోచోట చూశాడు. అక్కడా అంతే. పైగా గోడ మధ్యలో, నడుం కంటే కాస్త ఎత్తున, చిన్న గూడు ఒకటి వదిలి ఉంది. నక్షాలో అలాంటిది లేదు.

అది మలావీ దేశంలో షీరే నది పక్కనున్న చిన్న ఊరు. అంతకు ముందు యేడు తుఫానుకి నది పొంగి ఊళ్లో సగం ఇళ్లని తీసుకుపోయింది. చీరాల వైపు క్రైస్తవ సంఘాలు నాలుగు కలిసి, ఇళ్లు కట్టి రమ్మని పదకొండు మందిని పంపాయి. ఇరవై ఆరు రోజుల్లో పన్నెండు ఇళ్లు. పని చూసే బాధ్యత హనోకుది. పెద్దదిక్కుగా ఆశీర్వాదం అయ్యగారు వచ్చారు.

అయ్యగారు పాస్టరు కాకముందు తాపీమేస్త్రి. పాస్టరయ్యాక కూడా తాపీ వదల్లేదు. ఆరు రోజులు గోడలు కట్టి, ఏడో రోజు వాక్యం చెప్పేవారు. హనోకు ఆయన దగ్గరే ఇటుక పట్టడం నేర్చాడు, ప్రార్థన చెయ్యడమూ నేర్చాడు. తర్వాత డిప్లొమా చదివి సైటు ఇంజినీరయ్యాడు. హనోకు కట్టించిన గోడకి గుండు వేలాడదీస్తే మధ్యలో వెంట్రుక కూడా దూరదని మేస్త్రీలు చెప్పుకునేవారు. ఆ మాట అతని చెవినా పడింది. పడ్డాక అతను దాన్ని మర్చిపోలేదు.

ఏడో ఇల్లు లూకా అనే ముసలాయనది. ఊరంతా ఆయన్ని బాంబో లూకా అంటారు. మనం అయ్యగారూ అన్నట్టే అక్కడ బాంబో అనడం. ఆ ఊరి పాత బడి, పాత చర్చి ఆయన చేతుల మీద లేచినవే. వరదలో ఇల్లు పోయింది. భార్య కూడా పోయింది. చెల్లెలి ఇంటి గోడకి రేకు దించుకుని, దాని కింద ఉంటున్నాడు.

పునాది వేసిన రోజు ఆయన వచ్చి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత తమాండతో ఏదో చెప్పాడు. తమాండ అక్కడి బళ్లో టీచరు. రెండు వైపుల మాటా ఇంగ్లీషులో అటూ ఇటూ చేరవేసేది ఆమే.

"వెనక గోడ తను కడతానంటున్నారు," అంది.

"ఆయన చేతులు వణుకుతున్నాయి కదమ్మా," అన్నాడు హనోకు.

తమాండ ఆ మాట ఆయనకి చేరవెయ్యలేదు. "ఆ సంగతి ఆయనకీ తెలుసు," అంది.

అయ్యగారు పక్కనే ఉన్నారు. ఏమంటున్నారో అడిగి తెలుసుకుని, "కట్టనీ," అన్నారు.

మూడు రోజులు కట్టాడు. అడుసు తనే తొక్కుకున్నాడు. ఒక్కో ఇటుకనీ పెట్టాక తాపీ పిడితో నెమ్మదిగా తట్టేవాడు. మధ్యమధ్యలో ఆగి చేతులు ఒళ్లో పెట్టుకుని, వణుకు తగ్గాక మళ్లీ మొదలెట్టేవాడు. మిగతావాళ్లు ఆ మూడు రోజుల్లో ఆ ఇంటి మిగిలిన గోడలు లేపి, ఎనిమిదో ఇంటికి పైకప్పు కూడా వేసేశారు.

నాలుగో రోజు శనివారం. లూకా కంటి పరీక్షకని దూరంగా ఉన్న మిషన్ ఆసుపత్రికి వెళ్లాడు. ఆదివారం సాయంత్రానికి గానీ రాడు. అయ్యగారు కూడా నది అవతలి సంఘంలో వాక్యం చెప్పడానికి పడవెక్కి వెళ్లారు. హనోకు ఒక్కడే ఆ గోడ ముందు నిలబడ్డాడు.

బుధవారం ప్రతిష్ఠ. పన్నెండు ఇళ్ల ముందూ ఫోటోలు తీస్తారు. వాటిని చీరాలలో, ఒంగోలులో తెరల మీద చూపిస్తారు. ఇదెవరు కట్టారని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

"మళ్లీ వరదొస్తే?" అన్నాడు, తనతో వచ్చినవాళ్లని పిలిచి. "వంకర గోడ మీద పడి ఈయన పోతే, పాపం ఎవరికి?"

వాళ్లు తలూపారు. రెండు వేళ్ల వంపుకి గోడ పడదని హనోకుకి తెలుసు. అయినా ఆ మాటే ఇంకోసారి అన్నాడు.

పచ్చి అడుసు కావడంతో గోడ తేలిగ్గా దిగింది. మధ్యాహ్నానికి తమాండ మంచినీళ్ల బిందె ఎత్తుకుని వచ్చింది. కింద పోసిన ఇటుకల కుప్పని చూసి ఆగిపోయింది.

"ఆయన్ని అడిగారా?"

"ఆయన మంచికేనమ్మా. వంకరగా ఉంది."

ఆమె బిందె కిందికి దించి వెళ్లిపోయింది. అయిదుగురు కలిసి కొత్త ఇటుకలతో సాయంత్రానికల్లా గోడ లేపారు. గుండు వేసి చూస్తే వెంట్రుక దూరదు. గూడు లేదు.

ఆదివారం సాయంత్రం లూకా వచ్చాడు. హనోకు చెప్పాల్సిన మాటలు ముందే సిద్ధం చేసుకుని ఉన్నాడు. వరద గురించి, భద్రత గురించి, ఆయన మీద తమకున్న గౌరవం గురించి. అవేవీ అవసరం పడలేదు.

లూకా ఇంటి చుట్టూ తిరిగి వెనక్కి వచ్చాడు. గోడ కొనన నిలబడి, మేస్త్రీలు చూసినట్టు ఒక కన్ను మూసి గోడ పొడవునా చూశాడు. అరచెయ్యి గోడకి ఆనించి మెల్లగా నడిచాడు. ఒకచోట చెయ్యి ఆగింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత కిందికి జారింది.

"జికోమో," అన్నాడు. కృతజ్ఞతలని. తమాండ వైపు తిరిగి ఇంకో మాటన్నాడు.

"గోడ చాలా సూటిగా ఉందంటున్నారు," అంది తమాండ.

"ఇంకేమన్నారు?"

"అంతే."

లూకా ఇసకలో గుచ్చి ఉన్న తన తాపీ తీసుకుని, చొక్కాకి తుడుచుకుని వెళ్లిపోయాడు. హనోకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. తర్వాత ఎప్పుడు తల్చుకున్నా అతన్ని ఎక్కువగా బాధపెట్టింది అదే. గోడ పడగొట్టడం కన్నా, ఆ సాయంత్రం హాయిగా అన్నం తినగలగడం.

సోమవారం పొద్దున అయ్యగారు పడవ దిగి నేరుగా అక్కడికే వచ్చారు. గోడ చూశారు.

"ఇదెవరు కట్టారు?"

"మేమే అయ్యగారూ. ఆయన కట్టింది వంగింది."

"ఎంత?"

"రెండు వేళ్లు."

"రెండు వేళ్లకి గోడ పడుతుందా?"

చుట్టూ సంఘంవాళ్లు చూస్తున్నారు. హనోకుకి మొహం వేడెక్కింది.

"మీరు నా గోడలు పడగొట్టలేదా అయ్యగారూ? మొదటి యేడు నాలుగుసార్లు కాలితో తన్ని పడేశారు. వంకర గోడని ఉంచకూడదని నేర్పింది మీరే కదా."

అయ్యగారు అతని వైపు తిరిగారు.

"పడగొట్టాను," అన్నారు. "నువ్వు చూస్తుండగా."

తర్వాత ప్యాంటు పైకి మడుచుకుని, వెనకాల పారబోసిన కుప్ప దగ్గర గొంతుక్కూర్చున్నారు. లూకా గోడలోని ఇటుకలని ఒక్కొక్కటే పైకి తీసి, ఎండిన అడుసుని తాపీతో గీకసాగారు. గీకినవాటిని పక్కన పేర్చారు. విరిగిన ముక్కల్ని కూడా గీకి, వేరే వరసగా పేర్చారు.

ఎండ నెత్తిమీదికొచ్చింది. హనోకు దగ్గరికెళ్లాడు.

"మీరు లేవండయ్యగారూ. మేం చేస్తాం."

"నీ పని చూసుకో నాయనా," అన్నారు ఆయన, తలెత్తకుండా.

పొద్దు వాలేసరికి కుప్పంతా అయింది. ఇంటికి పైకప్పూ పడింది. అయ్యగారు లేచి చేతులు కడుక్కుని, హనోకునీ తమాండనీ వెంటబెట్టుకుని లూకా ఉంటున్న రేకు దగ్గరికి వెళ్లారు. లూకా మొక్కజొన్న కంకులు ఒలుస్తున్నాడు. వాళ్లని చూసి లేవబోయాడు. అయ్యగారు వద్దన్నట్టు చెయ్యి చూపి, ఆయన ముందు నిలబడ్డారు.

"అమ్మాయితో చెప్పు హనోకూ. మేస్త్రిగారి దగ్గర ఇటుకలందించే పనికి వచ్చానని చెప్పమను. ఆయన ఎక్కడ కడతానంటే అక్కడ."

హనోకు తమాండతో చెప్పాడు. ఆమె లూకాతో చెప్పింది. లూకా నవ్వాడు. వెక్కిరింపేమీ లేదు ఆ నవ్వులో. పక్కనున్న ముక్కాలిపీట అయ్యగారి వైపు జరిపాడు.

"ఇల్లు అయిపోయిందిగా, అంటున్నారు," అంది తమాండ.

అయ్యగారు ఆ పీట మీద కూలబడ్డట్టు కూర్చున్నారు. కాసేపటికి కుప్పలోంచి ఒక కంకి తీసుకుని తనూ ఒలవడం మొదలుపెట్టారు. ఇద్దరూ ఒలుస్తూ కూర్చున్నారు. గింజలు బుట్టలో పడుతున్న చప్పుడే వినిపించింది.

లూకా ఏదో అడిగాడు.

"మీకు భార్య ఉన్నారా అని," అంది తమాండ.

హనోకు తెలుగులో చెప్పాడు. "పోయింది. తొమ్మిదేళ్లయింది," అన్నారు అయ్యగారు.

లూకా తలూపాడు. చేతిలో కంకి పక్కన పెట్టి, గాల్లో చెయ్యి ఒక ఎత్తుకి లేపి చూపిస్తూ నాలుగు మాటలు చెప్పాడు. తమాండ ఆ మాటలు హనోకుకి చెప్పింది.

"పాత ఇంట్లో వాళ్లావిడ ఉప్పు పెట్టుకునే గూడు ఆ ఎత్తులోనే ఉండేదట. నలభై యేళ్లు చెయ్యి అక్కడికే చాపిందట. అందుకని కొత్తింట్లో కూడా వదిలారట."

హనోకు వెనకాల నిలబడి ఉన్నాడు. ఆ మాటలు అయ్యగారికి తెలుగులో చెప్పాల్సింది అతనే. సగం చెప్పి ఆగి, మిగతా సగం నేల చూస్తూ చెప్పాడు.

"నిన్న ఆయన నాతో ఒక్క మాటైనా అనలేదే," అన్నాడు తమాండతో.

"మీరు అతిథులు," అంది ఆమె. "అతిథి మనసు నొప్పించేలా ఇక్కడెవరూ మాట్లాడరు."

హనోకు లూకా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. క్షమించమని తెలుగులోనే అడిగాడు. లూకాకి తర్జుమా అక్కర్లేకపోయింది. హనోకు భుజం తట్టి, మెల్లగా ఏదో అన్నాడు.

"నీ గోడ బాగుంది, అంటున్నారు," అంది తమాండ.

బుధవారం ప్రతిష్ఠ జరిగింది. లూకా తాళంచెవిని రెండు చేతులా అందుకుని, అందరితో కలిసి పాడాడు. ఫోటోలో కూడా నిలబడ్డాడు.

మర్నాడు వాళ్లు వ్యానెక్కారు. ఊరు దాటి చాలా దూరం వచ్చాక, పక్కన కూర్చున్న అయ్యగారు అన్నారు.

"నీ గోడలు పడగొట్టిన రోజుల్లో, నీకెలా ఉండేదో నేనూ ఎప్పుడూ అడగలేదు."

హనోకు కిటికీ వైపు తిరిగాడు. ఎలా ఉండేదో అతనికి అప్పుడు బాగా గుర్తొచ్చింది.

ఆ యేడాదంతా ఆ ఇళ్ల ఫోటోలు సంఘాల్లో తెరల మీద చూపించారు. జనం చప్పట్లు కొట్టేవారు. ఏడో ఇల్లు వచ్చేసరికి హనోకు తల దించుకునేవాడు.

ఈస్టరు వెళ్లిన వారానికి తమాండ దగ్గర్నుంచి ఫోనుకి ఉత్తరం లాంటి సందేశం వచ్చింది. హనోకు అది పట్టుకుని అయ్యగారి ఇంటికి వెళ్లాడు. ఆయనకి చూపు మందగించింది. హనోకే తెలుగు చేసి చదివి వినిపించాడు.

బాంబో లూకా క్షేమంగానే ఉన్నారు. ఆ ఇంట్లో ఆయన ఒక్కరోజూ ఉండలేదు. కోపం వల్ల కాదు. అది అతిథులు కట్టుకున్న ఇల్లని, వాళ్లొచ్చేదాకా జాగ్రత్తగా చూడాలని అందరితో చెబుతారు. రోజూ పొద్దున్నే వెళ్లి తలుపు తీసి, నేల ఊడ్చి, మళ్లీ తాళం వేసి వస్తారు. వానాకాలమంతా రేకు కిందే ఉన్నారు. మేమెంత చెప్పినా వినలేదు. చేతులు ఇప్పుడు తాపీ పట్టేలా లేవు. మీరెప్పుడొస్తారని అడగమన్నారు.

చదవడం అయింది.

"నేను మళ్లీ వెళ్తాను అయ్యగారూ," అన్నాడు హనోకు. "ఆ గోడ తీసేస్తాను. ఆయన పక్కన కూర్చుని చెబితే, ఆయన చెప్పినట్టే కడతాను. గూడుతో సహా."

"పడగొట్టేది మళ్లీ నువ్వేనా?" అన్నారు అయ్యగారు.

హనోకు చేతిలో ఫోను దానంతటదే ఆరిపోయింది. అతను దాన్ని మళ్లీ వెలిగించలేదు.

"అయితే ఏం చెయ్యమంటారు? ఉత్త చేతులతో ఎలా వెళ్లను?"

"అలాగే వెళ్లు. తాపీ తీసుకెళ్లకు. ఆయన ఊడ్చిన నేల మీద కూర్చో."

"కూర్చుని?"

"ఆయన ఇంటికి వచ్చినవాడిలా, ఆయన పెట్టింది తిను."